ఆల్‌టైమ్ డ్రాఫ్ట్: మొదటి పిక్ విల్టా, జోర్డానా?

హన్మకొండ హూప్స్: అన్నా, ఎనిమిది మందిమి ఫ్యాంటసీ బాస్కెట్‌బాల్ ఆడుతున్నం, పాత NBA (అమెరికా లీగ్) ఆటగాళ్లతోని ఊహా టీమ్‌లు కట్టి, వాళ్ల గణాంకాలతోని పోటీ. స్నేక్ డ్రాఫ్ట్ పెట్టుకున్నం, అంటే ఒక్కొక్కళ్లు వంతులవారీగ ఆటగాళ్లను ఎంచుకునుడు, ప్రతి రౌండ్‌కు వరుస తిరగబడ్తది. పాయింట్లు, రీబౌండ్లు లాంటి తొమ్మిది కేటగిరీల్ల పోటీ, ఆటగాడికి ఒక్క సీజన్ లెక్క. మొదటి పిక్ నాదే. 1961-62 విల్ట్ చాంబర్లిన్‌ను తీసుకోనా? మ్యాచ్‌కు సగటున 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకునుడు)!

కాజీపేట సెంటర్: వద్దు తమ్మీ. స్టీల్స్ (బంతి గుంజుకునుడు), బ్లాక్స్ (షాట్ అడ్డుకునుడు) రాసుడు 1973-74లనే మొదలైంది, త్రీలు (దూరం నుంచి కొట్టే మూడు పాయింట్ల షాట్లు) 1979-80ల వచ్చినయ్. మూడు కేటగిరీల్ల సున్నా. టర్నోవర్లు (బంతి పోగొట్టుకునుడు, ఎంత తక్కువైతే అంత మంచిది) గూడ అప్పుడు రాయలే, అదొక్కటే లాభం. ఫ్రీత్రోలు (ఫౌల్ అయితే వచ్చే అడ్డులేని షాట్లు) 61 శాతమే పడ్డయ్. మ్యాచ్‌కు 17 సార్లు ప్రయత్నిస్తడు, నీ టీమ్ శాతాన్నంతా కిందికి గుంజుతడు. 1987-88 మైకేల్ జోర్డాన్‌ను పట్టు: 35 పాయింట్లు, 3.2 స్టీల్స్, 1.6 బ్లాక్స్. గార్డు ఇన్ని బ్లాక్స్ కొట్టుడు మామూలు ముచ్చట గాదు.

ఓరుగల్లు పాయింట్‌గార్డ్: నేనూ జోర్డానే అంట. తర్వాత నీకు 16, 17 వరుసగ వస్తయ్. జాన్ స్టాక్టన్ మిగిలితే ఇడువకు, 1989-90ల మ్యాచ్‌కు 14.5 అసిస్టులు (బాస్కెట్ పడేటట్టు ఇచ్చే పాస్‌లు).