పాత ఎస్టీమ్‌కు వేరే కామ్‌షాఫ్ట్: ఇంట్లోనే మార్చుకోవచ్చునా?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1997లో కొన్న కార్బురేటర్ మారుతి ఎస్టీమ్ కారును ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. 1298 సీసీ, ఎనిమిది వాల్వుల ఇంజను. ట్యాపెట్ సెట్టింగ్ (వాల్వుకూ దాన్ని నొక్కే స్క్రూకూ మధ్య సందు సరిచేయడం), కార్బురేటర్ శుభ్రం చేయడం, టైమింగ్ బెల్ట్ మార్చడం వంటి పనులన్నీ మా అపార్ట్‌మెంట్ పార్కింగులోనే సొంతంగా చేసుకుంటాను. జేసీ రోడ్డులో ఒక దుకాణంవారు నా పాత కామ్‌షాఫ్టునే (వాల్వులను తెరిచే ఇరుసు) రీగ్రైండ్ చేసి, లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే ఎత్తు) ఒక మిల్లీమీటరు పెంచి ఇస్తామంటున్నారు. పికప్ కొంత తగ్గినట్లు అనిపిస్తున్నందున నాకు ఆశ కలిగింది. ఈ పని ఇంట్లో చేయవచ్చునా, వాల్వ్ స్ప్రింగులు కూడా మార్చవలసి ఉంటుందా, రోజూ ఆఫీసుకు వెళ్ళే కారుకు ఇది తగినదేనా అన్నది అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (అంబత్తూరు, చెన్నై)

మాది నెల్లూరు, చాలా ఏళ్ళుగా చెన్నైలో ఇంజన్ల పని చేస్తున్నాను. ఇంట్లో చేయవచ్చునండీ, కానీ విప్పి బిగించడం ఇందులో చిన్న భాగం. అసలు పని కొలతలలో ఉంది.

రీగ్రైండ్ అంటే లోబ్ (వాల్వును నెట్టే కామ్ మీది గుడ్డు ఆకారపు ఉబ్బు) మీద లోహం కలపడం కాదు. లోబ్ కింది గుండ్రని భాగాన్ని అరగదీస్తారు. ఆ భాగం చిన్నదైతే ముక్కు ఎత్తు అంతే ఉన్నా లిఫ్ట్ పెరిగినట్లవుతుంది. అయితే కామ్ కదలికను వాల్వుకు అందించే రాకర్ ఆ మేరకు కామ్ వైపు దిగిపోతుంది కాబట్టి ట్యాపెట్ స్క్రూను ఇంకా కిందికి తిప్పాలి. అప్పుడు స్క్రూ మొన వాల్వ్ కాండం నడిమిన కాక పక్కకు ఆనితే వాల్వ్ గైడ్ (కాండం జారే గొట్టం) త్వరగా అరిగిపోతుంది. లోబ్ పైపొర గట్టిదనం ఎంత లోతు వరకు ఉందో చూడకుండా అరగదీసిన కామ్‌లు కొద్ది నెలల్లోనే గుంటలు పడి నా దగ్గరకు వచ్చాయి.

స్ప్రింగుల మాటకొస్తే, వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగు చుట్లన్నీ ఒకదానికొకటి అంటుకుపోకూడదు. మొత్తం మీద కనీసం ఒక మిల్లీమీటరు సందు మిగలాలి. ఇది ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులు) చూడవచ్చు. పాతికేళ్ళు దాటిన స్ప్రింగులు ఎలాగూ బిగువు కోల్పోయి ఉంటాయి కాబట్టి మార్చడమే మంచిది.

అన్నిటికన్నా ముఖ్యమైనది పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య ఎడం. పిల్లలు బొమ్మలు చేసే క్లేను పిస్టన్ మీద వాల్వ్ దిగే చోట అతికించి, వాల్వుకు కొద్దిగా నూనె రాసి, పాత గాస్కెట్‌తో హెడ్ (వాల్వులుండే ఇంజను పైభాగం) బిగించి, ట్యాపెట్లు సరిచేసి, బెల్ట్ వేసి, క్రాంక్‌ను (పిస్టన్లు తిప్పే ఇరుసు) పానాతో చేత్తోనే నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా బిగుసుకుంటే బలవంతం చేయకండి. హెడ్ తీశాక క్లేను బ్లేడుతో నిలువుగా కోసి, అతి పలుచని చోట వెర్నియర్‌తో కొలవండి. ఇన్‌టేక్ వైపు సుమారు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 ఉండాలని మేము పాటిస్తాం. ఎగ్జాస్ట్ వాల్వ్ వేడికి ఎక్కువ సాగుతుంది, పైగా పైకి వచ్చే పిస్టన్ దాన్ని వెన్నంటే వస్తుంది. ఒకసారి తొందరలో మరో కారు ఇంజనుకు ఈ పరీక్ష మానేశాను. మళ్ళీ విప్పితే పిస్టన్ నెత్తిన గోటితో గిల్లినట్లు నెలవంక గుర్తు ఉంది, వాల్వ్ వంగి ఉంది. ఆ ఖర్చంతా నేనే భరించాను.

జవాబు 2 (జయనగర్, బెంగళూరు)

పైవారు చెప్పినదంతా సరైనదే. నా సందేహం కారు వాడకం గురించి. పెద్ద కామ్‌తో ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకోకముందే ఇన్‌టేక్ తెరుచుకునే వ్యవధి పెరుగుతుంది. అధిక వేగంలో అది సిలిండరు బాగా నిండడానికి సాయపడుతుంది. తక్కువ వేగంలో మాత్రం కాలిన వాయువు ఇన్‌టేక్‌లోకి వెనక్కి పోయి ఐడ్లింగ్ చెడుతుంది. ఇన్‌టేక్‌లో వ్యాక్యూమ్ తగ్గితే దానితో పనిచేసే బ్రేక్ బూస్టర్ కూడా బలహీనపడి పెడల్ గట్టిపడుతుంది. సిల్క్ బోర్డు దగ్గర మొదటి, రెండో గేర్లలోనే పాకే కారుకు ఇది మంచిది కాదు. మన ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందున చెన్నైతో పోలిస్తే గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు తక్కువ. ఆ లోటును ఏ కామ్ కూడా తీర్చలేదు. కార్బురేటర్ జెట్లు, ఇగ్నిషన్ టైమింగ్ మళ్ళీ సరిచేయకపోతే పొగ పరీక్షలోనూ ఇబ్బంది రావచ్చు.

పికప్ తగ్గిందన్నారు కాబట్టి ముందుగా కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూడండి. ఇంజను వేడిగా ఉండగా నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి కొలవాలి. ఎత్తు వల్ల ఇక్కడ రీడింగులు పుస్తకంలోని అంకె కన్నా తక్కువగానే వస్తాయి. సిలిండర్ల మధ్య తేడానే చూడండి.

జవాబు 1 నుంచి మరొక మాట

జయనగర్ వారి సలహాతో ఏకీభవిస్తున్నాను. అయినా తర్వాత కామ్ వేయదలిస్తే డ్యూరేషన్ (వాల్వ్ తెరిచి ఉండే వ్యవధి) స్వల్పంగా మాత్రమే పెరిగినది ఎంచుకోండి. లోబ్‌లకు మాలిబ్డినం పేస్ట్ పూసి, మొదటిసారి స్టార్ట్ చేసిన వెంటనే 2000 ఆర్పీఎం దగ్గర ఇరవై నిమిషాలు నడపాలి. ఆ సమయంలో ఐడ్లింగ్‌లో వదిలితే లోబ్‌లకు చాలినంత నూనె అందక మొదటి రోజే గీతలు పడతాయి.

ప్రశ్న అడిగినవారు

ఆదివారం కొలిచాను. వరుసగా 158, 155, 160, 118 పీఎస్ఐ వచ్చాయి. నాలుగో సిలిండరులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే 121 మాత్రమే వచ్చింది. లోపం పిస్టన్ రింగులదైతే నూనె ఆ సందును మూసి అంకె బాగా పెరిగేది కాబట్టి రింగులు కాదు, వాల్వే కారుతోందని అర్థమైంది. కవర్ తీస్తే ఆ సిలిండరు ఎగ్జాస్ట్ ట్యాపెట్‌లో ఫీలర్ గేజ్‌లోని అతి పలుచని రేకు కూడా దూరలేదు, అంటే వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు. నిన్న హెడ్ దించాను. వాల్వ్ అంచున బియ్యపు గింజంత మేర కాలిపోయి ఉంది.

కొత్త వాల్వ్ వేయించి, అది ఆనే సీటు కోయించడానికి రేపు హెడ్ ఇస్తున్నాను. కామ్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను. అయితే హెడ్ తిరిగి వచ్చాక, బిగించే ముందు పాత కామ్‌తోనే ఆ క్లే పరీక్ష చేసి కొలతలు ఇక్కడ రాస్తాను. ఎనిమిది వాల్వులూ చూడాలా, లేక ఒక సిలిండరు చాలునా?

జవాబు 1

ఒక సిలిండరు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ చూస్తే సాధారణంగా సరిపోతుంది. మీరు మాత్రం ఒకటో సిలిండరుతో పాటు కొత్త వాల్వ్ వేస్తున్న నాలుగోది కూడా చూడండి. సీటు కోసినప్పుడు వాల్వ్ ఎత్తు కొద్దిగా మారుతుంది.