ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి అంటే మలుపులేనా?

అనంత_విద్యార్థి: ఫైన్‌మన్, హిబ్స్‌ల 1965 నాటి పాఠ్యపుస్తకంలో ఒక లెక్క ఉంది. కణం ఒకే గీత మీద ఎప్పుడూ కాంతి వేగంతోనే కుడికో ఎడమకో పోతుంది. మలుపు తిరిగినప్పుడల్లా ద్రవ్యరాశిని బట్టి ఒక సంకీర్ణ సంఖ్యతో గుణించాలి. దారులన్నీ కూడితే, వేగంగా పోయే ఎలక్ట్రాన్‌ను వర్ణించే డిరాక్ సమీకరణం వచ్చేస్తుంది. క్వాంటం నడకలోనూ, అంటే నాణెం చెప్పిన దిక్కుకు అడుగేస్తూ సాధ్యమైన దారులన్నిటినీ ఇలాగే కలిపే లెక్కలోనూ, ఇదే జరుగుతుంది. కనుక ద్రవ్యరాశి అంటే మలుపులే.

పెన్న_గట్టు: ద్రవ్యరాశి ఉన్నది కాంతి వేగాన్ని అందుకోలేదని ఇంటర్‌లోనే చెబుతాం కదా, బాబూ.

బురుజు_నీడ: మామూలు నడకకూ ఈ క్వాంటం నడకకూ తేడా ఏమిటి? ఒక్క ముక్కలో చెప్పండి.

అనంత_విద్యార్థి: అన్నా, నాణెం ఎగరేస్తూ కుడికో ఎడమకో 100 అడుగులు వేస్తే చెదురు, అంటే బయల్దేరిన చోటు నుంచి మామూలుగా చేరే దూరం, సుమారు 10 అడుగులు. రెండు దిక్కులకూ సమాన అవకాశమిచ్చే హాడమార్డ్ నాణెంతో క్వాంటం నడకైతే సుమారు 54. నాణెం కోణం మార్చి మలుపులు తగ్గించిన కొద్దీ నడక గరిష్ఠ వేగానికి, అంటే ప్రతి అడుగూ ఒకే దిక్కుకు పడే వేగానికి, దగ్గరవుతుంది. మలుపే లేకపోతే ద్రవ్యరాశి సున్నా.

పెన్న_గట్టు: నా ప్రశ్న కాంతి వేగం గురించి.

అనంత_విద్యార్థి: డిరాక్ సమీకరణంలోనూ వేగం ఆపరేటర్‌కు (వేగాన్ని సూచించే గణిత రూపానికి) వచ్చే విలువలు కాంతి వేగం, దానికి రుణం, అంతే. సగటు మాత్రమే తక్కువ. ష్రోడింగర్ 1930లో చెప్పిన, ఎలక్ట్రాన్ అతి వేగంగా ముందుకూ వెనక్కూ ఊగే వణుకు అక్కడిదే. 2010లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ప్రయోగం చేసి చూపించారు కూడా.

పెన్న_గట్టు: చూపించింది ఒక కాల్షియం అయాన్‌తో. ఎలక్ట్రాన్‌తో కాదు.

బురుజు_నీడ: సార్ పట్టు వదలరు!

అనంత_విద్యార్థి: నిరుడు ఒక కళాశాల సెమినార్‌లో ఇది చెబుతుంటే సగంలో ఆపి, "సిలబస్‌లో ఉందా?" అన్నారు. కడప, అనంతపురం పిల్లలకు సమీకరణం బట్టీ పడితే చాలు, అర్థం అక్కర్లేదు. మీరూ అదే చేస్తున్నారు.

పెన్న_గట్టు: ఎవరో ఆపితే నా మీద విరుచుకుపడతావేం? ఒక్కటి చెప్పు. కణం నిజంగా ఆ దారుల్లో ఏదో ఒకదానిలో నడిచిందా?

అనంత_విద్యార్థి: లేదు. అన్నీ కలిస్తేనే ఫలితం.

పెన్న_గట్టు: ఏ దారిలోనూ నడవనిది మలుపు ఎక్కడ తిరిగింది? లెక్క కుదిరిందని ఒప్పుకుంటాను. ద్రవ్యరాశికి కారణం దొరికిందంటే ఒప్పుకోను. అదీ ఒకే గీత మీది లెక్క.

అనంత_విద్యార్థి: 1994లోనే భౌతిక శాస్త్రవేత్త బియాలినిట్స్‌కీ బిరులా మూడు దిశల ఘనపు జాలకం (వరసగా పేర్చిన బిందువుల గడి) మీద డిరాక్ సమీకరణం రాబట్టారు. ఇంతకన్నా మంచి కారణం మీ దగ్గర ఉంటే చెప్పండి సార్.

పెన్న_గట్టు: ఆ వ్యాసం ఇక్కడ పెట్టు. చదివాక పోట్లాడదాం.