చేలో పురుగుమందు కొట్టి పడిపోయిన బాబాయి మెడ ఎత్తలేకపోతున్నాడు, ఎవరికైనా ఇలా అయిందా?

మాది అమలాపురం దగ్గర పల్లె. శుక్రవారం మా బాబాయి దాళ్వా చేలో క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు కొట్టాడు. స్ప్రేయర్ మూత బిగియక వీపంతా తడిసినా పని ఆపలేదు (చెబితే వినే రకం కాదు). మధ్యాహ్నానికి గట్టు మీదే వాంతులు, చెమట, నోట్లోంచి చొంగ. ఎమర్జెన్సీలో డాక్టరు గారు టార్చి వేసి చూస్తే కంటిపాపలు గుండుసూది మొనంత ఉన్నాయి. బట్టలు తీసేసి ఒళ్ళు సబ్బుతో కడిగించి విరుగుడు మందు అట్రోపిన్ మొదలుపెట్టారు. రాత్రికి చొంగ తగ్గింది, మాట్లాడాడు కూడా. గండం గడిచిందనుకున్నాం.

ఆదివారం పొద్దున దిండు మీంచి తల ఎత్తలేకపోయాడు. ఊపిరి పైపైనే ఆడుతోంది. విషం ఎక్కిన 1 నుంచి 4 రోజుల్లో ఇలా కండరాలు నీరసపడొచ్చని, దీనికి అట్రోపిన్ పనిచేయదని చెప్పి వెంటిలేటర్ పెట్టారు. ఇవాళ్టికి 3 రోజులు.

మీ ఇళ్ళలో ఎవరికైనా ఇలా జరిగితే వెంటిలేటర్ మీద ఎన్నాళ్ళున్నారు? 2, 3 వారాల తర్వాత కాళ్ళు తిమ్మిరెక్కొచ్చంటున్నారు, అప్పుడు ఎవరికి చూపించారు? కోలినెస్టరేజ్ పరీక్ష (ఈ విషం ప్రభావం ఎంతుందో చూసే రక్తపరీక్ష) మళ్ళీ చేయించారా? ఇంకోటి, కవర్లో పెట్టిచ్చిన ఆ చొక్కాని పిన్ని ఉత్త చేతులతో ఉతికేసింది. ఇప్పటికి బాగానే ఉంది గానీ, ఆవిడనీ చూపించాలంటారా?