అప్‌డేట్: భజన సీడీ పర్మిషన్ల సంగతి

మా సత్యనారాయణపురం భజన బృందం పాడినవి 500 సీడీలు వేయించాలంటే ఎవరి అనుమతి కావాలని అడిగాను కదండీ, తేలింది. త్యాగరాజ కృతులకు ఎవరికీ కట్టక్కర్లేదు, ఆయన పోయింది 1847లో, కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల వరకే హక్కు. అన్నమయ్య దగ్గరే మెలిక. సాహిత్యం అందరిదీ, కానీ మనం పాడుకునే బాణీలు చాలావరకు ఈ కాలంలో కట్టినవి, వాటి హక్కు వేరు. అందుకని మా మాస్టారు రెండు కీర్తనలకు సొంతంగా బాణీ కట్టేశారు, నిజానికి రెండోది పాతదానికన్నా బాగుంది.

సినిమా పాటకొస్తే, మన గొంతుతో పాడినా రాయల్టీ తప్పదు. అదే చట్టంలో, వచ్చిన పాటను మళ్లీ పాడి రికార్డు చేసుకోనిచ్చే సెక్షన్ 31సి కింద వెళ్దామంటే ఒరిజినల్ రికార్డింగ్ జరిగిన ఏడాది ముగిశాక అయిదేళ్లు గడవాలి, పైగా ఏడాదికి కనీసం 50,000 కాపీల రాయల్టీ ముందే కట్టాలి, ఆ సంఖ్య తగ్గిస్తూ ఉత్తర్వు ఉంటే తప్ప! మేం వేసేది 500. ఆడియో కంపెనీకి మెయిల్ పెడితే ఉలుకూ పలుకూ లేదు, ఆ పాట తీసేశాం.

సీడీలు కొట్టే షాపాయన ఏ పాటకు సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది అని రాయించుకుని, కింద సంతకం తీసుకున్నాకే పని మొదలెట్టాడు.

ఊరికే పంచితే అక్కర్లేదుగా అన్నవాళ్లకు: కావాలండీ, అమ్మినా అమ్మకపోయినా కాపీ తీయడానికే అనుమతి ఉండాలి.