కసాయి ఆపరేషన్ అయిన పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ రాయండి

చిన్నోడి_అమ్మ

అందరికీ నమస్తే అండీ. మాది భీమవరం పక్కన పల్లెటూరు. మా బాబుకి ఇప్పుడు ఆరేళ్ళు, బైలియరీ అట్రీషియా అని, లివర్ నుంచి వచ్చే గొట్టాలు పూడుకుపోయే జబ్బుకి, పుట్టిన 52వ రోజున ఆపరేషన్ అయింది, దేవుడి దయవల్ల ఇప్పటికీ సొంత లివర్‌తోనే ఉన్నాడు. తెలుగులో దీని గురించి వెతికితే ఏమీ దొరకట్లేదు, అందుకే మొదలుపెడుతున్నా, ఎవరికి తెలిసింది వాళ్ళు రాయండి.

డాక్టర్ గారు "కసాయి చెయ్యాలమ్మా" అనగానే మా అత్తగారు వరండాలోనే కూలబడిపోయారు, పసిబిడ్డకి కసాయి ఏంటి నాయనా అని ఒకటే ఏడుపు. తర్వాత నర్సమ్మ కూర్చోబెట్టి చెప్పింది, అది మొరియో కసాయి అనే జపాన్ సర్జన్ పేరు అని. 1950ల్లో సెండాయ్‌లో ఆయన ఈ ఆపరేషన్ కనిపెట్టకముందు ఇలాంటి పిల్లల్లో చాలామందికి పొట్ట తెరిచి, చేసేదేం లేదని మళ్ళీ కుట్టేసేవాళ్ళంట. లివర్ నుంచి పైత్యరసం తెచ్చే గొట్టాలు పూడుకుపోయి ఉంటాయి కదా, ఆ పూడిన ముద్దని తీసేసి పేగునే పైకి తెచ్చి లివర్ కింద కుట్టేస్తారు, రసం నేరుగా పేగులోకి దిగుతుంది.

మేం ఆలస్యం ఎందుకు చేశామో కూడా చెప్తా. బాబుకి రోజూ సున్నిపిండితో నలుగు పెట్టి స్నానం చేయించేవాళ్ళం, ఒళ్ళు పచ్చగా ఉంటే పసుపు అనుకున్నాం. పొత్తిగుడ్డల మీద ఒంటేలు మరక ఎంత ఉతికినా పోయేది కాదు, అదీ పసుపే అనుకున్నాం. దొడ్డికి చూస్తే తడిపిన ముగ్గుపిండిలా ఉండేది, పాలే కదా తాగేది తెల్లగా కాక ఎలా ఉంటుంది అని మా పిన్ని అంది, నేను సరే అనుకున్నా. పసిబిడ్డ ఒంటేలు గుడ్డకి రంగు అంటుకోకూడదని, పాలు తాగే బిడ్డ దొడ్డి పచ్చగా ఆవపిండి రంగులో ఉండాలని నాకు ఒక్కరు చెప్పి ఉంటే ఇంకో ఇరవై రోజులు ముందే వెళ్ళేదాన్ని.

ఓరుగల్లు_నాన్న

అక్కా మాకు గట్ల చెప్పేటోళ్ళు లేకుండె. మా బిడ్డకు కామెర్లు అంటే మొదట ఒకామె దగ్గర పసరు పోయించినం, చెయ్యి మీద వాత కూడా పెట్టిచ్చినం, గది తలుసుకుంటే ఇప్పటికీ కండ్లల్ల నీళ్ళొస్తయి. తర్వాత ఒక క్లినిక్‌ల చూపిస్తే తల్లిపాల కామెర్లు, పొద్దటి ఎండల పెట్టుండ్రి అన్నరు, రక్తపరీక్షల బిలిరుబిన్ టోటల్ ఒక్కటే రాసిన్రు, డైరెక్ట్ రాయలే. పెద్ద దవాఖానకు పోయేసరికి 94 రోజులు. కసాయి చేసిన్రు గానీ పనిచెయ్యలే, లివర్ అప్పటికే గట్టిపడ్డది అన్నరు. పదకొండో నెలల ట్రాన్స్‌ప్లాంట్ అయింది, వాళ్ళ అమ్మనే లివర్ ముక్క ఇచ్చింది, రెండెకరాలు అమ్మినం. ఇప్పుడు రెండో తరగతి, పొద్దున సాయంత్రం మందు టైం తప్పకుండ వెయ్యాలె, గంతే.

ట్రాన్స్‌ప్లాంట్ అంటే భయపడేటోళ్ళకు ఒక మాట. 1963ల అమెరికాల డెన్వర్‌ల స్టార్జల్ అనే డాక్టర్ మొట్టమొదటి లివర్ మార్పిడి చేసిండు, అది గీ జబ్బు ఉన్న మూడేండ్ల పిల్లగానికే, ఆ పిల్లగాడు బతకలే. మన దేశంల పిల్లలకు చేసినవాట్ల మొదట సక్సెస్ అయింది 1998ల, ఢిల్లీల, అది గూడ గీ జబ్బే, వాళ్ళ నాయిన లివర్ ఇచ్చిండు. ఆ బాబు పెద్దగై డాక్టర్ అయిండు. మా దవాఖాన కౌన్సెలర్ గది చెప్పినంకనే మా ఇంట్ల ఒప్పుకున్నరు.

డాలస్_తమ్ముడు

నేను ఇక్కడ ఒక పిల్లల లివర్ ల్యాబ్‌లో పనిచేస్తాను, డాక్టర్‌ని కాదు, కానీ ఓరుగల్లు అన్నగారు చెప్పిన టోటల్, డైరెక్ట్ విషయం చాలా ముఖ్యం కాబట్టి రాస్తున్నా. ఒళ్ళు పచ్చబడేది రక్తంలో బిలిరుబిన్ అనే పదార్థం పెరగడం వల్ల, లివర్ ఇంకా మార్చనిది ఇన్‌డైరెక్ట్, మార్చినది డైరెక్ట్, రెండూ కలిపితే టోటల్. మామూలు పసికందు కామెర్లలో పెరిగేది ఇన్‌డైరెక్ట్, అది దానంతట అదే తగ్గిపోతుంది. డైరెక్ట్ 1 ఎంజీ దాటిందంటే ఎండలో పెట్టినా ఉపయోగం లేదు, కారణం వెతకాల్సిందే. ఇంకో సంగతి, ఈ జబ్బు ఉన్న పిల్లల్లో డైరెక్ట్ బిలిరుబిన్ పుట్టిన మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఎక్కువగా ఉంటుందని హ్యూస్టన్ వాళ్ళు చూపించారు. తర్వాత టెక్సస్‌లో లక్షా ఇరవై వేలకి పైగా పిల్లలకి పుట్టగానే ఒకసారి, అందులో ఎక్కువ వచ్చినవాళ్ళకి రెండు వారాల లోపు మళ్ళీ పరీక్ష చేసి చూశారు, 2020లో పేపర్ వచ్చింది, కసాయి చేసే వయసు సగటున 56 రోజుల నుంచి 36 రోజులకి దిగింది. ఒక్క రక్తం చుక్క టెస్టుతో ఇరవై రోజులు కలిసొచ్చాయి అంటే మామూలు విషయం కాదు కదా.

కారణం మాత్రం ఇంకా వెతుకుతూనే ఉన్నారు. ఆస్ట్రేలియాలో 1964, 1988, 2007 కరువు ఏళ్ళలో ఒక డ్యామ్ దగ్గర నీళ్ళు తగ్గి బయటపడ్డ నేలలో మొలిచిన ఒక కలుపు మొక్క తిన్న గొర్రెలకి అచ్చం ఇలాంటి జబ్బుతోనే పిల్లలు పుట్టాయి. పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళు ఆ మొక్కల్లోని పదార్థాల్ని జీబ్రా చేప పిల్లల మీద ఒక్కొక్కటీ పరీక్షించి 2015లో విషాన్ని పట్టుకున్నారు, బైలియాట్రిసోన్ అని పేరు పెట్టారు. మనుషులు ఆ మొక్క తినరు, కాబట్టి మన పిల్లలకి అదే కారణం అని కాదు, కానీ గొట్టాలు ఎలా దెబ్బతింటాయో చూడ్డానికి ఒక దారి దొరికింది. ఆపరేషన్ తర్వాత స్టెరాయిడ్స్ ఇస్తే మంచిదా అని కూడా 140 మంది పిల్లల మీద ట్రయల్ చేశారు, 2014లో వచ్చిన ఫలితంలో చెప్పుకోదగ్గ లాభం కనపడలేదు. అలా లేదని తేలడం కూడా పనికొచ్చేదే అండీ, అనవసరంగా పిల్లలకి ఎక్కించకుండా.

సీత_పిన్ని

మాది మేనరికం. పాప పోయి మూడేళ్ళయింది. అత్తగారింట్లో ఇప్పటికీ నా వల్లే అంటారు, గ్రహణంలో బయట తిరిగావు అంటారు. నిజంగా మేనరికం వల్లేనా తమ్ముడూ?

డాలస్_తమ్ముడు

పిన్నీ, ముందు మీరు ఆ బరువు దించెయ్యండి. బైలియరీ అట్రీషియా ఒక తరం నుంచి ఇంకో తరానికి వచ్చే జబ్బు కాదు, కవల పిల్లల్లో కూడా చాలాసార్లు ఒకరికే వస్తుంది. మేనరికంతో సంబంధం ఉన్న లివర్ జబ్బులు వేరే ఉన్నాయి, పీఎఫ్‌ఐసీ లాంటివి, వాటిల్లో అమ్మ దగ్గర్నుంచి ఒక జీన్, నాన్న దగ్గర్నుంచి ఒకటి రావాలి, అంటే ఇద్దరిదీ సమానం. అందులో దురద పిల్లల్ని రాత్రంతా నిద్రపోనివ్వదు, దానికి 2021లో అమెరికాలో, యూరప్‌లో ఒడెవిక్సిబాట్ అనే మందుకి అనుమతి వచ్చింది. మీ పాపది ఏ జబ్బో రిపోర్టుల్లో ఉంటుంది, మళ్ళీ బిడ్డ కావాలనుకుంటే అది తీసుకుని ఒకసారి జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళండి. గ్రహణానికి దేనికీ సంబంధం లేదు.

రిటైర్డ్_నర్సు_గుంటూరు

అమ్మా సీతా, తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

నేను ముప్పై రెండేళ్ళు పిల్లల వార్డులో చేశాను. ఇది కాక ఇంకో లివర్ జబ్బు గురించి కూడా చెప్తా. మా చిన్నతనం సర్వీసులో పొట్ట ఉబ్బి లివర్ రాయిలా గట్టిపడి ఏడాది రెండేళ్ళ పిల్లలు వచ్చేవాళ్ళు, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయినవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. పుణేలో డాక్టర్లు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన టానర్ గారు కలిసి 1980ల్లో చూస్తే రాగి ఎక్కువై లివర్ పాడవుతోందని, కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో పాలు కాచి పట్టడం దానికి కారణమని తేలింది. ఆ తర్వాత స్టీలు గిన్నెలొచ్చాయి, జబ్బే దాదాపు కనుమరుగైంది. ఇప్పుడు మళ్ళీ పాతకాలం గిన్నెలు మంచివని కొంటున్నారు, కొనుక్కోండి, కానీ పసిపిల్లల పాలు మాత్రం వాటిల్లో కాచొద్దు, దండం పెడతా.

ఇంకోటి. తైవాన్‌లో 2004 నుంచి దేశమంతా ప్రతి తల్లికీ బిడ్డ దొడ్డి రంగులున్న కార్డు ఇస్తున్నారు, ఏది మంచి రంగు, ఏది చెడ్డ రంగు అని బొమ్మలు, తేడా ఉంటే ఫోన్ చెయ్యడమే. జపాన్‌లో తల్లీబిడ్డల పుస్తకంలోనే పెట్టారు. దానికి మిషన్లు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. మనకి ప్రతి ఊళ్ళో ఆశమ్మ ఉంది, పురిటింటికి వెళ్ళి బరువు చూస్తుంది, పక్కనే పొత్తిగుడ్డ కూడా ఒకసారి చూపించమని అడిగితే చాలు.

కడప_కొత్తమ్మ

అక్కా, ఇది చదివి చేతులు వణకతాండాయి. మా పాపకి ఈ పొద్దుకి 36 రోజులు. కండ్లు పచ్చగా ఉండాయి, పసిరికలు అవే పోతాయిలే అన్నారు. బరువు బాగానే పెరిగింది, పాలు బాగా తాగతాది. ఇప్పుడే డైపర్ లైటు కింద పెట్టి చూసినా, తడి బియ్యప్పిండి మాదిరి ఉంది. పోయిన వారం స్కాన్ తీపిచ్చినాం, నార్మలే అన్నారు.

చిన్నోడి_అమ్మ

చెల్లీ రేపు పొద్దున్నే వెళ్ళు. బరువు పెరుగుతోందని ఆగకు, మా వాడూ బొద్దుగానే ఉండేవాడు. టోటల్, డైరెక్ట్ రెండూ అడుగు. ఆ డైపర్ కవర్లో పెట్టి తీసుకెళ్ళు, ఫోటో కన్నా అదే మేలు.

డాలస్_తమ్ముడు

స్కాన్ నార్మల్ అంటే జబ్బు లేదని అర్థం కాదు. పిల్లల సర్జన్, పిల్లల గ్యాస్ట్రో డాక్టర్ ఇద్దరూ ఉన్న చోటికే వెళ్ళండి. 60 రోజుల లోపు చేస్తే పనిచేసే అవకాశం బాగా ఎక్కువ, మీకు టైం ఉంది.

రిటైర్డ్_నర్సు_గుంటూరు

విటమిన్ కె ఇంజెక్షన్ గురించి కూడా అడుగమ్మా, పైత్యరసం దిగకపోతే అది ఒంటబట్టదు, రక్తం గడ్డకట్టదు. బొడ్డు దగ్గరో ముక్కులోనో రక్తం కనపడితే రేపటి దాకా కూడా ఆగొద్దు.

కడప_కొత్తమ్మ

డైరెక్ట్ 5.4 వచ్చింది. అడ్మిట్ చేసుకున్నారు.

కడప_కొత్తమ్మ

పద్దినాలు కనపడలేదు, ఏమీ అనుకోవద్దండి. బయాప్సీ చేసినారు, 43వ రోజు ఆపరేషన్ థియేటర్‌లోనే డై ఎక్కిచ్చి ఎక్స్‌రే తీసి చూసి, గొట్టాలు లేవని చెప్పి అప్పుడే కసాయి చేసేసినారు. ఆరోగ్యశ్రీ కింద అయింది. మూడో దినం ఏమీ పోలేదు, నిన్న రాత్రి ముదురు ఆకుపచ్చగా పోయింది, మా ఆయన ఆ గుడ్డ పారేయనీకుండా సర్జన్ సార్ వచ్చేదాంకా దాచిపెట్టినాడు. సార్ చూసి, ఇంకా మూడు నెలలు చూడాల, బిలిరుబిన్ దిగితేనే పనిచేసినట్టు అన్నాడు. వచ్చే వారం ఇంటికి పంపిస్తామంటాండారు. పాలల్లోకి కొబ్బరినూనె లాంటిదేదో కలపమంటాండారు, మా అమ్మకి జలుబు చేస్తాదని భయం. ఇంట్లో ఏం చూసుకోవాల చెప్పండి.

చిన్నోడి_అమ్మ

అది ఎంసీటీ నూనె చెల్లీ, పైత్యరసం లేకపోయినా అరిగే కొవ్వు, కొబ్బరినూనెలో ఆ రకం కొంత ఉంటుంది, వాళ్ళు చెప్పిన కొలతే వెయ్యి, జలుబు ఏం చెయ్యదు. ఏ, డి, ఇ, కె విటమిన్ చుక్కలు ఒక్కరోజు కూడా మానొద్దు. థర్మామీటర్ కొని మంచం పక్కనే పెట్టుకో. జ్వరం వచ్చినా, దొడ్డి మళ్ళీ తెల్లబడినా ఊళ్ళో చూపించి సిరప్ పోసి పడుకోబెట్టొద్దు, పేగు నుంచి ఇన్ఫెక్షన్ లివర్‌లోకి ఎక్కుతుంది, రాత్రి పన్నెండైనా సరే అదే ఆస్పత్రికి. మాకు మొదటి ఏడాదిలో మూడుసార్లు అయింది. డిశ్చార్జి కాగితం, కార్డు, రెండు జతల బట్టలు ఒక సంచిలో సర్ది తలుపు వెనక తగిలించి ఉంచు.