పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోతున్నాయి. నెట్ సెంటర్‌కి పనికొచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ చెప్పండి

రాయగడ నెట్‌సెంటర్:
అన్నలందరికీ నమస్కారం. మాది జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. రెండు కంప్యూటర్లున్నాయి, రెండింట్లోనూ విండోస్ 10. ఒకటి ఐ3 నాలుగో తరం, 4 జీబీ ర్యామ్. రెండోది ఐ3 పదో తరం, 8 జీబీ. ప్రింటర్ కెనాన్ ఎల్‌బీపీ 2900. కస్టమర్ల పెన్‌డ్రైవ్ ఏది పెట్టినా ఫోల్డర్లు షార్ట్‌కట్లు అయిపోతున్నాయి. లోపలి ఫైళ్లు పోయినట్టేనా? యాంటీవైరస్ కొనక తప్పదా? ఇంకోటి, పిల్లలు ఒకే అప్లికేషన్ ఒడియాలోనూ తెలుగులోనూ కొట్టమంటారు. తెలుగు అను ఫాంట్లో కొట్టి పంపితే అవతల పిచ్చి గీతలు వస్తున్నాయట. ఆధార్ కాపీలు కూడా డౌన్‌లోడ్స్‌లో గుట్టలా పడున్నాయి, అదీ బెంగగానే ఉంది.

పర్లాకిమిడి:
ఫైళ్లు ఎక్కడికీ పోలేదు తమ్ముడూ. దయచేసి ఫార్మాట్ మాత్రం కొట్టకు.

ఈ వైరస్ అసలు ఫైళ్లన్నిటినీ పేరు లేని ఒక ఫోల్డర్లోకి నెట్టి, దాన్ని కనిపించకుండా దాచేస్తుంది. దాని బదులు అదే బొమ్మతో షార్ట్‌కట్ పెడుతుంది. దాని మీద నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, వెంటనే అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌కీ అంటుకుంటోందంటే జబ్బు నీ కంప్యూటర్లో ఉన్నట్టు. ముందు పెన్‌డ్రైవ్ శుభ్రం చేస్తే ఆ చాకిరీ అంతా వృథా, మళ్లీ పెట్టగానే అంటుకుంటుంది.

యాంటీవైరస్ కొనక్కర్లేదు, విండోస్‌తో వచ్చిన డిఫెండర్ చాలు. ముందు అప్‌డేట్ చెయ్యి. తర్వాత విండోస్ సెక్యూరిటీ, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, స్కాన్ ఆప్షన్స్‌లోకి వెళ్లి అన్నిటికంటే కిందున్న ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకో. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యి, విండోస్ లేవకముందే వెతుకుతుంది. సుమారు 15 నిమిషాలు. విండోస్ నడుస్తుండగా తప్పించుకునేవి కూడా ఇందులో దొరుకుతాయి. అయ్యాక టాస్క్ మేనేజర్ స్టార్టప్‌లో డబ్ల్యూస్క్రిప్ట్ (స్క్రిప్టులు నడిపే విండోస్ ప్రోగ్రామ్) అనో, వీబీఎస్, జేఎస్ స్క్రిప్ట్ ఫైలు పేరో కనిపిస్తే డిసేబుల్ చెయ్యి.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టు, కానీ డబుల్ క్లిక్ చెయ్యకు. దాని మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ కొట్టు. ఫుల్ స్కాన్ కొట్టాం కదా అనుకోవద్దు, మామూలు సెట్టింగుల్లో అది పెన్‌డ్రైవ్ జోలికి వెళ్లదు. తర్వాత 7-జిప్ ఫైల్ మేనేజర్ (ఉచితమే) తెరిచి, అందులోంచి పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లు. దాచిన ఫోల్డర్లు కూడా అక్కడ కనిపిస్తాయి. పేరు లేని ఫోల్డర్లోని కస్టమర్ ఫైళ్లు డెస్క్‌టాప్‌కి కాపీ చేసుకో. షార్ట్‌కట్లు, వీబీఎస్, జేఎస్, ఈఎక్స్‌ఈ (ప్రోగ్రామ్) ఫైళ్లు ఏవున్నా ముట్టుకోకు. కాపీ అయిన ఫైళ్లు తెరుచుకుంటున్నాయని చూశాకే పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి తిరిగి ఎక్కించు.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూలో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్కు పెట్టి ఉంచు. లేకపోతే ‘మార్క్‌షీట్.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ’ అన్నది నీకు ‘మార్క్‌షీట్.పీడీఎఫ్’ లాగే కనిపిస్తుంది.

జయపురం లినక్స్:
పైన చెప్పిందంతా సరైనదే. కానీ షాపన్నాక రేపు ఇంకో పెన్‌డ్రైవ్ వస్తుంది. అందుకని రెండు కంప్యూటర్లకీ పని విడదీయండి.

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. నాలుగో తరం ఐ3 విండోస్ 11కి పనికిరాదు, ఇంటెల్ అయితే కనీసం ఎనిమిదో తరం ఉండాలి. పదో తరం దాన్ని ఉచితంగా 11కి మార్చుకోవచ్చు. పాతదాంట్లో విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యండి, 4 జీబీ ర్యామ్ సరిపోతుంది. దాన్ని రూఫస్‌తో (బూట్ అయ్యే పెన్‌డ్రైవ్ తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్) 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చెయ్యకుండానే బూట్ చేసి చూడండి. వైఫై, స్కానర్ పనిచేస్తున్నాయో లేదో అక్కడే తేలిపోతుంది. పాత ఫైళ్లు వేరే డిస్కులోకి తీశాకే ఇన్‌స్టాల్ కొట్టండి.

ఇకమీదట బయటి పెన్‌డ్రైవ్ ఏదైనా మింట్‌లోనే పెట్టండి. ఈ షార్ట్‌కట్ వైరస్ విండోస్ కోసం రాసింది, మింట్‌లో నడవదు. పైగా విండోస్‌లో దాచిన ఫోల్డర్లు అక్కడ మామూలుగానే కనిపిస్తాయి. కావలసిన పీడీఎఫ్ ఒక్కటే లోకల్‌సెండ్ అనే ఉచిత ఫైల్ షేరింగ్ యాప్‌తో విండోస్ కంప్యూటర్‌కి పంపండి. రెండూ ఒకే వైఫైలో ఉంటే చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు.

ఎల్‌బీపీ 2900 మాత్రం విండోస్‌కే ఉంచండి. మింట్‌లో దాని డ్రైవర్ ఒక పట్టాన లొంగదు. వేలిముద్ర మెషీన్లు కూడా అంతే.

గుణుపూర్ డీటీపీ:
టైపింగ్ సంగతి. అను ఫాంట్లో కొట్టింది నిజానికి ఇంగ్లీషు అక్షరాలే, ఫాంట్ వాటికి తెలుగు ముసుగు వేస్తుంది. ఆ ఫాంట్ లేని చోట ముసుగు ఊడిపోతుంది. ఒడియాలో ఆకృతి ఫాంట్లతో కొట్టినా ఇదే గొడవ. రెండూ యూనికోడ్‌లో (ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) కొట్టండి. విండోస్ లాంగ్వేజ్ సెట్టింగుల్లో తెలుగు, ఒడియా చేర్చుకుంటే విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి మారవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక ఒక్కసారి నేర్చుకుంటే రెండు భాషలకీ పనికొస్తుంది. ‘కె’ కీ నొక్కితే తెలుగులో క, ఒడియాలోనూ క అక్షరమే. ‘డి’ నొక్కితే రెండింట్లోనూ పొల్లు. రాయడానికి లిబ్రెఆఫీస్, ఫాంట్లకి నోటో చాలు, అన్నీ ఉచితం. పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి.

సిరొంచ:
ఆధార్ ముచ్చట ఎవ్వలు చెప్పలే, అదే అసలైంది. విండోస్‌ల సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌కి పోయి స్టోరేజ్ సెన్స్ ఆన్ చెయ్యండి. రోజూ నడిచేటట్టు పెట్టి, డౌన్‌లోడ్స్‌కు, రీసైకిల్ బిన్‌కు ఒక రోజు గడువు పెట్టండి. మీ సొంత ఫైళ్లు డౌన్‌లోడ్స్‌ల ఉంటే ముందే తీసుకోండి, లేకుంటే అవి గూడ పోతయి. షాపు వాట్సాప్‌ల ప్రైవసీలకు పోయి డిఫాల్ట్ మెసేజ్ టైమర్ 24 గంటలు పెట్టండి. గ్యాలరీల పడ్డ ఫోటోలు దాంతోని పోవు, అందుకే మీడియా విజిబిలిటీ బంద్ చెయ్యండి. కస్టమర్ తన ఐడీతోని లాగిన్ అయితే బ్రౌజర్‌ల గెస్ట్ విండో తెరిచి ఇయ్యండి.

మై ఆధార్ సైట్ల మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతది, మొదటి 8 అంకెలు దాచి ఉంటయి. నడిచేకాడ అదే ప్రింట్ తీసియ్యండి.

ఇంకోటి, గూగుల్‌ల వెతికి మీదికొచ్చిన లింకు పట్టుకోని పోకుండ్రి. భూమి రికార్డులకు మీకు ఒడిశాల భూలేఖ్, మాకు మహారాష్ట్రల సాత్ బారా, రెండింటికీ నకిలీ సైట్లు తయారైతయి. అడ్రసుల https:// ఇడిచిపెట్టి, మొదటి గీతకు (/) ముందు చివర ‘గవ్ డాట్ ఇన్’ గానీ ‘ఎన్ఐసీ డాట్ ఇన్’ గానీ ఉండాలె. సరైనవి ఒక్కసారి బుక్‌మార్క్ చేసుకుంటే అయిపాయె. ఆన్‌లైన్ మోసంల ఎవరి పైసలన్న పోతే ఆలస్యం చెయ్యకుండ సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేపియ్యండి.

రాయగడ నెట్‌సెంటర్:
చాలా థాంక్స్ అన్నా. ఫైళ్లన్నీ పేరు లేని ఫోల్డర్లోనే దొరికాయి. మరి పాత అను ఫైళ్లని యూనికోడ్‌లోకి మళ్లీ కొట్టాల్సిందేనా?

గుణుపూర్ డీటీపీ:
అక్కర్లేదు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే ఉచిత కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. అను వెర్షన్ సరిగ్గా ఎంచుకోండి, తప్పితే అంతా కలగాపులగమే. మార్చాక వత్తులు, అంకెలు, ఇంగ్లీషు పదాలు ఒకసారి కళ్లతో చూసుకోండి, తప్పులు ఎక్కువగా అక్కడే దొర్లుతాయి. పేర్లు, ఆధార్ నంబర్లు ఉన్న కాగితాలు మాత్రం ఆ సైట్లలో పేస్ట్ చెయ్యకుండా చేత్తోనే కొట్టుకోండి.