పాత చెట్లకూ వాటిని కాపాడినవాళ్లకూ సన్మానం చేద్దామనుకుంటున్నాం, సలహాలు కావాలి

మాది మునుగోడు పక్క ఊరు. దసరాకి జమ్మి దగ్గరికి ఊరంతా వస్తుంది కదా, ఆ రోజే ఊళ్లోని పెద్ద చెట్లకూ వాటిని చూసుకున్నవాళ్లకూ ఏదన్నా చేద్దామని మా యూత్ అనుకుంటోంది. కట్ట మీద మర్రి ఉంది, బడి ముందు రెండు చింతలున్నాయి. రోడ్డు వెడల్పప్పుడు ఆ చింతలకు ఎర్ర పెయింటుతో నంబర్లు కూడా వేశారు, చింతచిగురు అమ్ముకునే ఒక అవ్వ చెట్టు మొదలు దగ్గర కూర్చుని లేవనంటే కొట్టేయడం ఆగిపోయింది. లీడర్లకు శాలువాలు కప్పి ఫొటోలు దిగే ప్రోగ్రాం మాత్రం కావొద్దు. చెట్ల వయసు బోర్డు మీద రాయాలంటే ఎలా తెలుస్తుంది?

పాలమూరు పోరడు: వయసు జోలికి పోకండి అన్నా. మా మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రినే ఒకరు 700 ఏళ్లంటారు, ఒకరు 800 అంటారు. ఊడలు దిగి అవే మొద్దులైపోతాయి, మొదటి మాను ఏదో ఎవరు చెప్పాలి? చింతకైతే నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో టేపు చుట్టి చుట్టుకొలత రాయండి, మళ్లీ కొన్నేళ్లకు కొలిస్తే ఎంత లావైందో తెలుస్తుంది. ఇంకోమాట, 2017 చివర్లో పిల్లలమర్రి పెద్ద కొమ్మ విరిగింది, చెదలు పట్టిందని తర్వాత సెలైన్ బాటిళ్లలో మందు కలిపి చుక్కచుక్కగా ఎక్కించారు. ఆ బాటిళ్ల ఫొటో దేశమంతా చూసింది, రోజూ వాటిని మార్చినవాళ్ల పేర్లు మాత్రం నాకెక్కడా కనబడలేదు. మీ బోర్డు మీద అవ్వ పేరే పైన ఉండాలి.

బడిపంతులు: అవ్వని స్టేజీ ఎక్కించి మైకు ఇస్తే రెండు ముక్కలు మాట్లాడి దిగిపోతుంది. ముందే చింత కింద కూర్చోబెట్టి పిల్లలతో అడిగించండి, ఫోన్లో రికార్డు చేయండి, ఏ కొమ్మ చిగురు పుల్లగా ఉంటుందో కూడా చెప్తుంది. చెట్లంటే అందరూ ఖమ్మం వనజీవి రామయ్య గారి పేరే చెప్తారు, పద్మశ్రీ వచ్చిన మనిషి, చెప్పాల్సిందే. కానీ మన ఉమ్మడి నల్గొండలోనే, సూర్యాపేట వైపు రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ గారు సొంత భూమి 70 ఎకరాల్లో అడవిని పెంచారు. వీలైతే పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి.

వేపపుల్ల: సన్మానం పేరుతో చెట్టు చుట్టూ సిమెంటు గద్దె కట్టకండి, దండం పెడతా. మా ఊళ్లో రావికి మొదలు దాకా టైల్స్ వేశారు, నీళ్లు దిగే సందు లేదు, పై కొమ్మలు ఎండుతున్నాయి. బోర్డుని మేకులతో కొట్టొద్దు, పక్కన గుంజ పాతి పెట్టండి. చింతలకు మళ్లీ నంబర్లు పడితే, వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం, 2002) కింద కొట్టడానికి అనుమతి ఉందా అని కాగితం మీద అడగండి.

అడిగినవాడిని: థాంక్స్ అందరికీ. గద్దెకని పోగుచేసిన చందా ఉంది, దాన్ని టేపుకీ బోర్డుకీ వాడతాం. అవ్వ మాత్రం శాలువా వద్దట, చిగురు కోయడానికి కొత్త నిచ్చెన ఇప్పించమంటోంది.